నీనాంగ్ మా ఇంట్లో ఉన్న మామిడికాలం

కబురు వచ్చినప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నాను. ఒక చేతిలో పాత వార్తాపత్రికతో చేసిన సంచి, పళ్ళ మధ్య నాలుగు కొబ్బరి పుల్లలు. పిందెకు సంచి తొడిగి పుల్లతో గుచ్చాలి. పెళ్ళయి నెల రోజులే అయినా ఆ పని నాకు బాగానే పట్టుబడింది. కింద నిచ్చెన పట్టుకున్న ఎల్మర్ బుట్టలో మోగుతున్న ఫోను తీసి చూసి, గుళ్ళో మాట్లాడినంత మెల్లగా అన్నాడు.

"రోవీ, నీనోంగ్ విటో."

పుల్లలు ఉమ్మేసి ఫోను అందుకున్నాను.

"తల్లీ రోవెలిన్, ఏం చేస్తున్నావు?"

"కాయలకి సంచులు కడుతున్నాను నీనోంగ్."

"అయితే ముందు గట్టిగా పట్టుకో. పడ్డావంటే మీ ఆయన నన్ను తిడతాడు." నవ్వాడు. ఆ నవ్వు ఇలోయిలో పట్నంలో, దానికి ఎదురుగా ఉన్న మా గిమారాస్ దీవిలో రేడియో ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. "అరవై జంటల్లో మిమ్మల్నే ఎంచుకున్నాం. మే నెల రెండో శనివారం, మామిడి పండగనాడు, మన కార్యక్రమం మీ పెరట్లోంచే."

విషయం చెప్పగానే ఎల్మర్ రెండు చేతులూ ఎత్తి గంతేశాడు. ఆ ఎత్తిన చేతుల్లోనే నిచ్చెన ఉండాలన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేను కొమ్మ పట్టుకుని వేలాడుతూ, కింద పడతానన్న భయం కూడా లేకుండా పగలబడి నవ్వాను.

ఫిబ్రవరి పద్నాలుగున రేడియో వాళ్ళు చేసిన సామూహిక వివాహాల్లో మా పెళ్ళి జరిగింది. అరవై జంటలకీ విటోయే నీనోంగ్, ఆయన భార్య సెలెస్ట్ నీనాంగ్. నీనోంగ్, నీనాంగ్ అంటే పెళ్ళిలో పక్కన నిలబడి సంతకం పెట్టి, ఇకమీదట ఆ జంటకు రెండో అమ్మానాన్నలయ్యేవాళ్ళు. కాపురంలో చిక్కొస్తే ముందు వాళ్ళ గుమ్మమే ఎక్కాలి. అరవై జంటలకీ ఒకే రకం అన్నం కుక్కర్ ఇచ్చారు. దాని మూత తీసినప్పుడల్లా మొహానికి తగిలే ఆవిరి కూడా ఆ రోజుల్లో నాకు పండగే.

విటో పద్దెనిమిదేళ్ళుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం రెండింటికి శ్రోతల ఉత్తరాలు చదివేవాడు. "మీ ఆవిడ మాట్లాడుతుంటే రేడియో కట్టేయండి, నా కార్యక్రమమైనా సరే" అనేవాడు. ఎల్మర్ నా గురించి రాసిన ఉత్తరం కూడా ఆయనే చదివాడు. నేను చదువు ముగించి టీచరు పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఆ ఉత్తరం విని, అందులోని అమ్మాయి నేనేనని తెలిసి, రేడియో ముందు కూర్చుని ఏడ్చాను.

ఆయన అభిమానుల పేజీ కూడా నేనే నడిపేదాన్ని. నలభై వేలమంది. శుక్రవారాలు ఒక ఆట పెట్టేదాన్ని. నీనోంగ్ ఫోటోలో ఒక మూల మాత్రం చూపించి, ఎక్కడున్నారో చెప్పమనేదాన్ని. కప్పు రంగు, కరెంటు స్తంభం మీద అంకె, గోడ మీద సగం కనిపించే ఎన్నికల పేరు, ఏదో ఒకటి పట్టుకుని చెప్పేసేవాళ్ళు. ఎలా పట్టుకోవాలో నేర్పింది నేనే.

*

మే మొదటివారం దాటింది. కోత మొదలైంది. ఎల్మర్ రోజూ కాయలు బండికెత్తి, కొండమలుపు మీదుగా రేవుకి తోలుతున్నాడు. మంగళవారం మిట్టమధ్యాహ్నం మా ఇంటి ముందు ట్రైసికిల్, అదే పక్కన తొట్టి కట్టిన మోటారుసైకిల్, ఆగింది. నల్ల కళ్ళద్దాలు, ఆ ఎండలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు, ఒక్క గుడ్డ సంచి. నీనాంగ్ సెలెస్ట్.

"చోటు చూసి రమ్మన్నాడు విటో. రెండు రోజులుంటాను. ఎవరికీ చెప్పకండి, శనివారం దాకా రహస్యం" అంది.

మా అత్తగారు, నేను నానాయ్, అంటే అమ్మ, అని పిలిచే పూరింగ్, చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురెళ్ళింది. "మారె! మా ఇంటికి! కబురుపెడితే రేవుకొచ్చేదాన్ని కదా!" నీనాంగ్ ఆవిడకి వరసకి అక్కచెల్లెలే ఇప్పుడు. అందుకే మారె. విటో అయితే పారె. ఆ పూట కోడిని కోసి కొబ్బరినీళ్ళలో ఉడికించింది. నీనాంగ్ రెండు ముద్దలు తిని, మా పడకగది తలుపు గడియ లోపలినుంచి పడుతుందా అని అడిగింది.

"కొత్త దంపతుల గది, గడియ లేకుండా ఎలా మారె" అంది నానాయ్. అందరం నవ్వాం. ఆ గది ఆవిడకి ఇచ్చేసి, మేమిద్దరం హాల్లో చాప మీద పడుకున్నాం. గడియ పడిన చప్పుడు వినిపించింది. కుర్చీ జరిపిన చప్పుడు కూడా.

మర్నాడు పొద్దున చేతిపంపు దగ్గర నన్ను పిలిచింది, మా వైపు ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే మాటతో. "ఇందాయ్, కాస్త తల రుద్దుతావా? ఎడమ భుజం పట్టేసింది."

నాకెంత సంబరమో! రేడియోలో రోజూ పేరు వినే మనిషి తల నా చేతుల్లో. షాంపూ నురగ తీస్తూ ఏదో పాట కూడా అందుకున్నాను. ఎడమ చెవి వెనక నా వేళ్ళకి నున్నటి చర్మం తగిలింది. బొటనవేలంత మేర జుట్టు లేదు. రాలిన చోటులా లేదు, లాగిన చోటులా ఉంది. జాకెట్టు మెడ కాస్త జారితే భుజం మీద పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు.

"నీనాంగ్, ఇది..."

"నురగ కళ్ళల్లో పడుతోంది ఇందాయ్, నీళ్ళు పొయ్యి."

పోశాను. చెంబు తర్వాత చెంబు పోస్తూ, స్నానాలగదిలో జారిపడి ఉంటుంది అనుకున్నాను. కారు తలుపు తగిలి ఉంటుంది అనుకున్నాను. జుట్టుకేదో జబ్బేమో అనుకున్నాను. అడగకముందే ఇన్ని జవాబులు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం చెట్టుకింద కూర్చుని పుల్లటి కాయ ముక్కలు రొయ్యల ముద్దలో అద్దుకుని తిన్నాం. పులుపుకి నీనాంగ్ ఒక కన్ను మూసి పకపకా నవ్వింది. వచ్చాక మొదటిసారి. ఆ నవ్వు ఎంత బాగుందో! టక్కున ఫోటో తీశాను. ఎవరికీ చెప్పొద్దంది కదా, అందుకని చెప్పలేదు. ఆట పెట్టాను. "శుక్రవారం దాకా ఆగలేకపోతున్నా. మన నీనాంగ్ ఎక్కడున్నారో చెప్పండి!"

ఆవిడ వెనక మా నీలం నీళ్ళ ట్యాంకు, ప్రార్థనామందిరం కప్పులో ఒక ముక్క. అంతే. నాలుగో నిమిషానికి ఎవరో గిమారాస్ అన్నారు. పదకొండో నిమిషానికి మా వాడ పేరు వచ్చేసింది. నేను చప్పట్లు కొడుతూ ఫోను ఆవిడకి చూపించాను.

ఆవిడ ముఖం కాగితంలా అయిపోయింది.

"ఎంతమంది చూశారు?"

"తొమ్మిది వేలు నీనాంగ్."

"తీసెయ్ ఇందాయ్." గొంతు పెంచలేదు. మా వైపు మాట కోపంలోనూ పాటలాగే సాగుతుంది. భయంలో కూడా అంతేనని అప్పుడు తెలిసింది.

తీసేశాను. ఆవిడ గదిలోకి వెళ్ళి బట్టలు సంచిలో కుక్కి, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఇప్పుడు పడవ కూడా ఎక్కలేను. రేవులో టిక్కెట్లిచ్చేవాడి దగ్గర్నుంచి అందరూ మీ పేజీవాళ్ళే."

"నీనోంగే కదా పంపింది మిమ్మల్ని?"

ఆవిడ నావైపు చూసింది. ఏదైనా విసిరికొట్టినా బాగుండేది.

"నేను ఒక్కరోజు కూడా వదలకుండా ఆయన కార్యక్రమం వింటానని రాశావు చూడు, మీ పేజీలో. భార్యంటే ఇలా ఉండాలని. నిజమే, ఒక్కరోజూ వదలను. రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆయన మైకు ముందు ఉంటాడు. ఇంట్లో ఉండడు. ఆ రెండు గంటలే నేను పడుకునేది."

*

ఆ సాయంత్రమే నీనాంగ్ పక్క దీవిలో, బకోలోడ్‌లో ఉన్న అక్కకి ఫోను చేసింది. ఇక దాక్కుని లాభం లేదని ఆ అక్క గురువారం పొద్దున్నే, చెల్లెలి దెబ్బలకి అంతకుముందు ఆసుపత్రిలో తీసిన ఫోటోలు బయటపెట్టింది.

పొద్దున తొమ్మిదయ్యేసరికి మా పేజీ తగలబడుతోంది. నేను తీసేసిన ఫోటో అప్పటికే వందలమంది దగ్గర ఉంది. దాన్నే ఆసుపత్రి ఫోటో పక్కన పెట్టి తిప్పుతున్నారు. 'నిన్ననే మామిడికాయ తింటూ ఎలా నవ్వుతోందో చూడండి. దెబ్బలు తిన్న ఆడది ఇలా నవ్వుతుందా?' 'రోవెలిన్, నువ్వు చెప్పు, నువ్వే కదా పక్కనున్నది.' నాలుగువందల మెసేజీలు. ఒకామె రాసింది: 'విటో మాటలు విని మా ఆయన తాగుడు మానాడు. ఇప్పుడు ఆయనే చెడ్డవాడంటే మా ఆయన మళ్ళీ మొదలెడతాడు. దయచేసి కాదని చెప్పు చెల్లీ.'

నానాయ్ వంటింట్లోంచి అరుస్తోంది. "పారె చేతులు చూశారా ఎప్పుడైనా? పెళ్ళినాడు నా చేయి పట్టుకుని మెట్లు దించాడు. ఆ చేతులతో కొడతాడా? మొగుడూ పెళ్ళాల మధ్య మీరు దూరకండి."

నేను చూసింది చెప్పాలని నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను. చెబితే నిజమైపోతుంది.

పెరట్లోకి వెళ్ళి ఎల్మర్ని పట్టుకున్నాను. "మన పెళ్ళి ఆయన గొంతు వినే కదా జరిగింది. అది అబద్ధమైతే?"

ఎల్మర్ది ముక్కుతో మాట్లాడే గొంతు. కంగారుపడితే నత్తి. "ఉత్తరం నే... నేను రాసింది రోవీ. ఆయన చదివాడంతే." ఆపైన, చెట్టుకింద నిలబడి, కంఠతా వచ్చిన ఆ ఉత్తరాన్ని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి వాక్యంలో రెండుసార్లు ఆగాడు. ఎంత ఘోరంగా చెప్పాడో! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంత భయంలోనూ ఆ రెండు నిమిషాలు నేను ప్రపంచంలోకెల్లా అదృష్టవంతురాలిని.

రెండింటికి నీనాంగ్ రేడియో పెట్టమంది. గంటలు మోగాయి, సంగీతం వచ్చింది, ఎవరో ఆడపిల్ల గొంతు వచ్చింది. "ఈ రోజు విటో సెలవులో ఉన్నారు. వారి బదులు నేను..."

నీనాంగ్ లేచి నిలబడింది. ఇలోయిలో రేవు నుంచి పడవకి పదిహేను నిమిషాలు. అక్కడి నుంచి మా వాడకి ముప్పావుగంట. ఎప్పుడు బయల్దేరాడో తెలియదు.

నానాయ్ ఆవిడ ముఖం చూసింది. రేడియో కట్టేసింది. గోడకి తగిలించిన తన వెదురు టోపీ, పొడుగుచేతుల చొక్కా, ముఖానికి చుట్టుకునే పాత బనియను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. కాయల సొన పడితే చర్మం కాలుతుందని కోతరోజుల్లో ఆడవాళ్ళంతా కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా చుట్టుకుంటారు.

"వెళ్ళి కాయలు ఏరేవాళ్ళలో కూర్చో మారె. ముందు ఆయన్ని సాగనంపుదాం. మంచివాడెవడో తర్వాత తేల్చుకుందాం."

*

మూడు కాకముందే వచ్చాడు. చేతిలో బిస్కెట్ల డబ్బా, తెల్ల చొక్కా. ట్రైసికిల్ దిగేసరికే వాడంతా చేరింది. అందరి భుజాల మీదా చేతులేసి ఫోటోలు దిగాడు. ముసలమ్మలు ఆయన బుగ్గలు నిమిరి, "నీ మీద ఎన్ని నిందలేశారు నాయనా" అన్నారు. "దేవుడు చూస్తున్నాడు అమ్మా" అన్నాడు ఆ గొంతుతో. ఏం చెప్పను, ఆ గొంతు వినగానే నా మనసు అలవాటుగా మెత్తబడింది. అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది అందుకే.

"ఏదీ మా ఆవిడ?" అన్నాడు నవ్వుతూ.

"పొద్దున్నే వెళ్ళిపోయింది పారె" అంది నానాయ్, కళ్ళార్పకుండా.

"అలాగా." బల్ల మీదున్న నీనాంగ్ నల్ల కళ్ళద్దాలు తీసి, ఊది, చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "మతిమరుపు మనిషి."

ఆయన వెనక, పది అడుగుల దూరంలో, అయిదుగురు ఆడవాళ్ళు నేలమీద కూర్చుని కాయల సంచులు చింపుతున్నారు. పర్రు పర్రుమని కాగితం చప్పుడు. ఎడమనుంచి రెండో మనిషి ఒక చేత్తోనే చింపుతోంది. అటు చూడకూడదని నా కళ్ళకి పదేపదే చెప్పుకున్నాను.

"తల్లీ రోవెలిన్, ఇలా రా." నా ఫోను నా చేతిలోంచే తీసుకున్నాడు. "మనవాళ్ళు పాపం పొద్దుటినుంచి కంగారుపడుతున్నారు. పేజీలో నాలుగు మాటలు చెప్పు. నువ్వు అబద్ధం చెప్పవని అందరికీ తెలుసు." పేజీలో లైవ్ తెరిచి, ఫోను నా ముఖానికి పెట్టాడు. "నీనాంగ్ మీ ఇంట్లో రెండు రోజులుంది కదా. ఎలా ఉంది? సంతోషంగా ఉందా?"

తెర మూలన చూస్తున్నవాళ్ళ అంకె పెరుగుతోంది. రెండు వేలు. అయిదు వేలు. సంతోషంగా ఉంది అంటే సరిపోతుంది. నవ్వింది కూడా, నేను చూశాను. అదీ అబద్ధం కాదు.

"నేను తల రుద్దాను నీనోంగ్" అన్నాను.

"ఆఁ?"

"నీనాంగ్‌కి. ఎడమచేయి పైకి లేవలేదు. అందుకని నేను రుద్దాను. చెవి వెనక ఇంత జుట్టు లేదు." బొటనవేలు చూపించాను. "భుజం కమిలింది."

కాగితం చప్పుడు ఆగింది. ముసలమ్మల్లో ఒకామె తింటున్న బిస్కెట్టు చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. విటో ముఖం మీద నవ్వు అలాగే ఉంది. ఫోను ఆపి, జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, తలమీద చేయి వేశాడు.

"పొరబాటు పడ్డావు తల్లీ. అది బాత్రూములో జారింది." ఆ తర్వాత వంగి, నాకు మాత్రమే వినబడేలా, ఉత్తరాలకి జవాబు చెప్పే గొంతుతోనే అన్నాడు. "ఎల్మర్ రోజూ ఒక్కడే బండి తోలతాడు కదా, ఆ కొండమలుపు దగ్గర. జాగ్రత్తగా తోలమను. కొత్తగా పెళ్ళయినవాళ్ళు."

ఎవరు విన్నా దీవెన అనుకుంటారు.

"శనివారం కలుద్దాం!" అని అందరికీ చేయి ఊపి వెళ్ళిపోయాడు. వాడవాళ్ళు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. పోతూ నా వైపు చూడకుండా ముఖాలు తిప్పుకున్నారు. ఎల్మర్ నన్ను నేలమీదే కూర్చోబెట్టి, ఆయన నాతో ఏమన్నాడో విన్నాడు. విని, నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఫోను మోగుతూనే ఉంది. పాముని పెంచుకున్నామని ఒకరు, ఎంత తీసుకున్నావని ఒకరు. మధ్యలో ఒక పేరులేని మెసేజీ: 'మా ఇంట్లో కూడా చెవి వెనకే అక్కా.' అది చదివి ఫోను బోర్లా పెట్టేశాను.

నీనాంగ్ లోపలికొచ్చి బనియను విప్పింది. బుగ్గ మీద సొన తగిలి చారలా కాలింది. నానాయ్ నావైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది నానాయ్."

"ఎవరంటే?"

"మీరంటే కూడా."

ఆవిడ నీనాంగ్ని పీట మీద కూర్చోబెట్టి, దువ్వెన తెచ్చి, జుట్టు పాయలు తీసి చూసింది. చూసినచోటే చాలాసేపు వేలు ఆనించి ఉంచింది. తర్వాత కొబ్బరినూనె రాసి మెల్లగా జడ అల్లింది.

"బారంగాయ్ హాలుకి వెళ్తే, ఇతను దగ్గరికి రాకూడదని కాగితం ఇస్తారు కదూ?" అంది అల్లుతూనే. "మన చివరింటి పిల్లకి ఇచ్చారు. అదేరోజు." బారంగాయ్ హాలంటే మా వాడ పంచాయితీ ఆఫీసు, కెప్టెన్ దాని పెద్ద.

"కెప్టెన్ ఆయన అభిమాని అమ్మా" అన్నాడు ఎల్మర్. "రెండయితే ఆఫీసులో కూడా రేడియో..."

"వింటే విననీ. సంతకం పెట్టడం వాడి ఉద్యోగం. పెట్టేదాకా నేను వాడి బల్లముందు కుర్చీలోంచి లేవను, నా మోకాళ్ళ సంగతి తర్వాత." నానాయ్ ఆ జడ చివర రబ్బరుబ్యాండు వేసి మావైపు తిరిగింది. "రేపు శుక్రవారం. శనివారం దాకా ఆగకూడదు. హాలు ఎనిమిదింటికి తెరుస్తారు, మనం ఏడున్నరకే మెట్ల మీద ఉండాలి. ఎల్మర్, నువ్వు రేపు ఒక్కడివే తోలవు, నలుగురం ఎక్కుతాం. మారె మధ్యలో కూర్చుంటుంది. ఇందాయ్, ముందు నువ్వు మాట్లాడు, చూసింది చూసినట్టు. ఈ పూట ఫోనులో చెప్పావు చూడు, అలాగే. నీ తర్వాత నేను."

"మీరేం చూశారని నానాయ్?" అన్నాను.

"ఇప్పుడు చూశాను కదా" అంది. "ఆరున్నరకల్లా అందరూ తయారుగా ఉండండి."